ఎనిమిదో సోమవారం నీడ

పద్నాలుగు కొలతల్లో ఒకటే కదా, మిగతా పదమూడూ నిజమే కదా, అని తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. కానీ ఆ 'కదా' వెనక ఎప్పుడూ ఒక ముద్దాయి నిలబడి ఉంటాడని ఆమెకు తెలుసు. నీళ్లు తడిగా ఉంటాయి కదా అని ఎవరూ అనరు. మనసుకు ఎక్కడో ఒప్పుకోనిదాన్నే మనం ఆ మాటతో ఎదుటివాళ్ల చేత ఒప్పించబోతాం. ఎదుట ఎవరూ లేకపోతే, ఇదిగో ఇలా, ఖాళీ బెంచీల చేత.

రెండో తరగతి గదిలో ఆమె ఒక్కతే ఉంది. ఏడుంపావు. పిల్లలు రావడానికి ఇంకా గంటన్నర టైముంది. ఈ రోజుతో టర్ము అయిపోతుంది. పదకొండింటికి తల్లిదండ్రులు వస్తారు, మూడున్నర నెలలుగా తమ పిల్లలు ఏం చేశారో చూసిపోతారు. అందుకని ముప్ఫై ఒక్క నోటు పుస్తకాలనీ బల్లల మీద సర్దుదామని తొందరగా వచ్చింది. ఇరవై రెండు సర్దేసింది. ఇరవై మూడో పుస్తకం దగ్గర చెయ్యి ఆగిపోయింది. పేజీలు వరసగా తిప్పుతుంటే మధ్యలో, ఎర్ర సిరాతో తన చేత్తో తనే పెట్టిన ఇంటూ గుర్తు కనిపించింది. దాని పక్కన తన రాతే: గోడ చూసి సరిచెయ్.

కింద పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు. ఈ రోజు వాన. నీడ రాలేదు. ఆ రెండు మాటల మీదా ఒకే ఒక్క గీత. పక్కన, 147.

పుస్తకం చీమది. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ క్లాసులో ఎవరూ వాడరు. ఎప్పుడూ నేల చూసుకుంటూ నడుస్తుందని ఆ పేరు పెట్టారు. చీమ కూడా ఆ పేరుకి బాధపడలేదు. చీమలు తమ బరువుకి ఎన్నో రెట్లు మోస్తాయని ఎవరో చెబితే, ఆ మర్నాడు తన సంచీతో పాటు పక్కపిల్ల సంచీ కూడా మోసుకొచ్చి చూపించింది.

ఈ టర్ము బాగా గడిచిందనే ఆమె అనుకుంటోంది. అనుకోవడం కాదు, గడిచింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఇంత తేలిగ్గా గడిచిన టర్ము ఇంకోటి గుర్తులేదు. గుండీలతో ఎక్కాలు నేర్పింది. బడి వీధి చివర అక్కకి కుట్టు దుకాణం ఉంది, మిగిలిపోయిన గుండీలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. నాలుగు కన్నాల గుండీలు నాలుగో ఎక్కానికి, రెండు కన్నాలవి రెండో ఎక్కానికి. మూడో ఎక్కానికి గుండీ దొరక్క, మూడు కాళ్ల పీటల బొమ్మలు గీయించింది. అడుగులతో బడి మొత్తం కొలిచి పటం గీశారు. ఆ పటంలో పెద్ద మేడం గది మరుగుదొడ్డికన్నా చిన్నదిగా వచ్చింది. పెద్ద మేడం చాలాసేపు చూసి, నిజమే సుమా, అని ఊరుకుంది.

ఊడిన పళ్ల పట్టిక ఒకటి పెట్టారు. ఎవరి పన్ను ఊడితే వాళ్లు తమ పేరు పక్కన నల్లటి చుక్క పెట్టుకోవాలి. ఆ చుక్క కోసం పిల్లలు కదలని పళ్లను కూడా నాలుకతో తోస్తూ పాఠాలు విన్నారు. పన్ను ఊడినవాడు ఆ రోజంతా నోరు తెరుచుకునే తిరిగేవాడు. తన దగ్గర లేనిదాన్ని అంత గర్వంగా చూపించుకోవడం పెద్దవాళ్లకి ఎప్పుడు మానిపోతుందో అని అప్పుడే ఆమెకు అనిపించింది.

అన్నిటికన్నా ముందు, టర్ము మొదటి రోజున, రబ్బర్ల డబ్బా. ముప్ఫై ఒక్క రబ్బర్లు బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టి బీరువా మీద పెట్టేసింది. ఈ క్లాసులో తప్పు చెరపకూడదు. తప్పు మీద ఒకే గీత గీసి, పక్కన సరైనది రాయాలి. గీత ఒకటే ఎందుకంటే కింద ఏముందో కనబడాలి. ఏ తోవలో తప్పిపోయామో తెలిస్తే మళ్లీ ఆ తోవన పోం అని చెప్పింది. మొదటి వారం ఏడుపులు. పండు వాసన వచ్చే రబ్బరు ఉన్న పిల్ల రోజూ డబ్బా దగ్గరికెళ్లి మూత మీద ముక్కు పెట్టి వచ్చేది. రెండో నెలకి గీత వాళ్ల ఒంట్లోకి పోయింది. నోరు జారి ఎవర్నైనా ఏమైనా అంటే గాల్లో వేలితో గీత గీసి, ఆ పక్కన మంచి మాట పెట్టడం మొదలెట్టారు. ఒకాయన బడికి వచ్చి, ఇంట్లో తను కోప్పడితే కొడుకు తన ముందు వేలితో గీత గీసి నిలబడ్డాడని, ఇప్పుడు పక్కన ఏం పెట్టాలో తనకు తెలియట్లేదని చెప్పి నవ్వాడు.

ఆ కొడుకునే క్లాసులో లాయరు అంటారు.

ఇక నీడ సంగతి. బడి ఆవరణలో ఒక ఇనప స్తంభం ఉంది. ఎప్పుడో దానికి ఉయ్యాల ఉండేదట. ఉయ్యాల పోయింది, రెండో స్తంభం పోయింది, ఇది మిగిలింది. ఉద్యోగం లేని స్తంభం అని పిల్లలు దానికి పేరు పెడితే, అయితే ఉద్యోగం ఇద్దాం అంది ఆమె. ప్రతి సోమవారం పదిన్నర గంట కొట్టగానే అందరూ బయటికెళ్తారు. స్తంభం మొదట్లో ఒకరు, నీడ కొసన ఒకరు కూర్చుని, మధ్యన రంగు కాగితం పట్టీ పరిచి, నీడ ఎంతుందో అంత కత్తిరిస్తారు. ఆ పట్టీని వరండా గోడకి నిలువుగా అతికిస్తారు. దాని పక్కన పై వారంది, దాని పక్కన ఆ పై వారంది. చలి దగ్గరపడే కొద్దీ పట్టీలు పొడుగయ్యాయి. గోడ మీద మెట్లు మెట్లుగా ఎక్కుతున్నట్టు అయింది. లాయరు చాలా ప్రశ్నలు వేశాడు. ఆదివారం నీడకి సెలవా అన్నాడు. స్తంభం పెరగకుండా నీడ మాత్రం ఎలా పెరుగుతుంది, ఇది అన్యాయం అన్నాడు.

ఏడో పట్టీ నూట నలభై ఒక్క సెంటీమీటర్లు. అప్పటికే బడికి వచ్చినవాళ్లందరినీ పెద్ద మేడం ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లి నిలబెడుతోంది. ఎనిమిదో సోమవారం పొద్దుటి నుంచీ వాన.

గంట కొట్టారు. పిల్లలు వరండాలో నిలబడి స్తంభాన్ని చూశారు. స్తంభం తడుస్తోంది. నీడ లేదు. కాసేపు చూసి లోపలికి వచ్చి, పుస్తకాల్లో రాయాల్సింది రాసుకున్నారు. కొందరు ఏమీ రాయలేదు. అంతే, అంతకుమించి ఏమీ జరగలేదు. అక్కడితో వదిలేస్తే సరిపోయేది.

సాయంత్రం పిల్లలు వెళ్లాక ఆమె వరండాలో నిలబడింది. ఏడో పట్టీ పక్కన జానెడు ఖాళీ. ఆ ఖాళీ ఆమెకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఇప్పుడు వెతుక్కుంటే దొరికే కారణాలన్నీ చిన్నవే. ఖాళీ దగ్గర మనుషులు ఆగుతారు. ఆగినవాళ్లు అడుగుతారు. ఎవరైనా కొత్తవాళ్లు, ఇంట్లో మీతో ఇంకెవరుంటారండీ అని అడిగితే, ఆమె వెంటనే అక్క ఉంటుందండీ అంటుంది. అక్క రెండు వీధుల అవతల, తన మొగుడితోనూ కుట్టు మిషన్‌తోనూ ఉంటుంది. ఒంటరిగా ఉండటం ఆమెకు బాధ కాదు, చాలా రోజులు అదే హాయి. కానీ అవతలి మొహంలో ఆ ఒక్క క్షణం కనిపించే ఖాళీని పూడ్చకుండా ఉండలేదు.

వారానికి ఆరేసి పెరుగుతోంది కాబట్టి, నూట నలభై ఏడు. కత్తిరించింది. అతికించింది.

మర్నాడు లాయరు ఎప్పుడు కొలిచారని అడిగితే, మీరు లోపలికి వెళ్లాక ఒక్క నిమిషం ఎండొచ్చింది, నేనే వెళ్లి కొలిచాను అంది. టీచరు చెప్పాక ఇంకేముంది. అందరూ 147 రాసుకున్నారు. చీమ రాసుకోలేదు. పుస్తకాలు దిద్దుతుంటే ఆ రెండు మాటలూ కనిపించాయి. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆమె చేతికి ఆ రోజే తెలిసింది. ఆలోచించకుండానే చెయ్యి ఇంటూ పెట్టేసింది.

తొమ్మిదో సోమవారం ఎండ కాసింది. నీడ సరిగ్గా నూట యాభై మూడు వచ్చింది. తన అబద్ధం అటూ ఇటూ ఉన్న నిజాల మధ్య అతికినట్టు సరిపోయింది. మొదట సంతోషం వేసింది. ఆ సంతోషం చూసే భయం వేసింది.

తర్వాతి వారాల్లో మరొకటి కూడా చూసింది, చూసి పక్కన పెట్టింది. చీమ స్తంభం దగ్గరికి రావడం మానేసింది. అందరూ నీడ చుట్టూ మూగితే తను వరండాలో నిలబడేది. పట్టీ గోడకెక్కాక, దాని మీది అంకె చూసి పుస్తకంలో ఎక్కించుకునేది. చలికేమో అనుకుంది ఆమె. ఇప్పుడు ఆ పేజీలు ముందుంటే చలి కాదని తెలుస్తోంది. ఎనిమిదో వారం దాకా చీమ పుస్తకంలో అంకె కింద ఎప్పుడూ ఇంకో ముక్క ఉంది. నీడ కొసన ఈగ కూర్చుంది. ఈ రోజు నీడ అంచు మెత్తగా ఉంది. లాయరు నీడ మీద కాలేశాడు, నీడకి ఏమీ కాలేదు. తొమ్మిదో వారం నుంచి ఉత్త అంకెలు. చక్కటి, తప్పుల్లేని అంకెలు. చూడటం మానేసిన పిల్ల రాసే అంకెలు.

నిన్న సాయంత్రం దుకాణానికి వెళ్లి అక్కతో అంది, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు. మా బళ్లో ఒక టీచరు ఉంది, ఆవిడ పిల్లలు కొలవని కొలత ఒకటి గోడ మీద అతికించేసింది, ఇంకెవరికీ తెలియదు, పిల్లలకి నష్టమూ లేదు, ఏమంటావు అని. అక్క మిషన్ మీంచి తలెత్తలేదు.

"ఆ టీచరు రాత్రి అన్నం తిన్నదా?"

"తినక ఏమైంది?"

"అడిగానులే. మొహం చూస్తే తిన్నట్టు లేదు." అక్క దారం కొరికి, కుట్టిన గుడ్డని దులిపింది. "వంకర కుట్టు మీద ఇస్త్రీ పెడితే తిన్నగానే కనిపిస్తుందే. పట్టుకెళ్లినవాళ్లు మెచ్చుకుంటారు కూడా. ఉతికిన రోజున కదా బయటపడేది. ఆ రోజు వాళ్లు నన్ను తిట్టరు, బట్టని తిడతారు."

తరవాత అక్క పెట్టెలోంచి మూడు కన్నాల గుండీ ఒకటి తీసి ఇచ్చింది. ఎక్కడ దొరికిందో. ఇన్నాళ్లూ వెతుకుతున్నానంది.

ఆ గుండీ ఇప్పుడు ఆమె బల్ల మీద ఉంది.

నిన్ననే మధ్యాహ్నం చీట్లు తీశారు, గోడ దగ్గర నిలబడి పట్టీల గురించి తల్లిదండ్రులకి ఎవరు చెప్పాలని. లాయరు మూడు రోజులుగా తనకే రావాలని అందరి దగ్గరా ప్రచారం చేసుకున్నాడు. చీటీ చీమకి వచ్చింది. చీమ మాట్లాడితే చీమలకే వినపడుతుందన్నాడు లాయరు. అయితే దగ్గరికొచ్చి విను అంది చీమ, నేల చూస్తూనే. క్లాసంతా నవ్వింది, లాయరు కూడా. ఆమె కూడా నవ్వింది. అప్పటికి ఈ పేజీ ఆమె మళ్లీ చూడలేదు.

మరి ఇప్పుడేం చెయ్యాలి? పట్టీ పీకేయొచ్చు. పీకితే గోడ రంగు పెళ్లలు ఊడతాయి, అది సరే. కానీ పీకడమంటే చెరపడమే. ముప్ఫై ఒక్క మంది దగ్గర రబ్బర్లు లాక్కున్న మనిషి తను మాత్రం చెరుపుతుందా? లేకపోతే చీమ పుస్తకంలో ఆ ఎర్ర ఇంటూ మీద గీత పెట్టి, తప్పు నాదేనమ్మా అని రాసేయొచ్చు. అది తేలిక. ఎంత తేలికో చూసుకునేసరికి అనుమానం వేసింది. పుస్తకం మూస్తే మూసుకుపోతుంది, సంచీలోకి వెళ్లిపోతుంది. తను తప్పు చేసింది నలుగురూ చూసే గోడ మీద. క్షమాపణ మాత్రం ఏడేళ్ల పిల్ల సంచీలో దాచుకుంటుందా?

వరండాలో చిన్న అడుగులు వినిపించాయి. చీమ. వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. పొద్దుటి మొదటి ట్రిప్పులో కూతుర్ని గేటు దగ్గర దింపేసి పోతాడు. అందుకని రోజూ అందరికన్నా ముందు వచ్చి, మెట్ల మీద కూర్చుని బడి మేలుకోవడం చూస్తుంది. ఈ రోజు మెట్ల మీద కూర్చోలేదు. గోడ ముందు నిలబడి పెదాలు కదుపుతోంది. చెప్పాల్సింది వల్లె వేసుకుంటోంది.

ఆమె తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. చీమ ఒక్కో పట్టీ కింద వేలు పెట్టి గుసగుసగా చెబుతోంది. ఇది మొదటి సోమవారం, అప్పుడు ఉక్కగా ఉండేది. ఇది రెండో సోమవారం. ఇది ఏడోది, ఆ రోజు నా పన్ను ఊడింది. ఎనిమిదోదాని దగ్గర వేలు ఆగింది. ఆ వేలు ఎటూ కదలకుండా చాలాసేపు ఉంది. ఆ తర్వాత తొమ్మిదోదాని మీదకి దూకింది, నడుస్తూ నడుస్తూ గుంట దాటినట్టు.

"నాన్న వస్తారా పదకొండింటికి?" అని అడిగింది ఆమె. వేరే మాట దొరక్క.

"వస్తారు టీచర్. బస్సు వేరే అంకుల్‌కి ఇచ్చి వస్తానన్నారు." చీమ వేలు వెనక్కి తీసుకుంది. "టీచర్, ఎనిమిదోదాని దగ్గర ఏం చెప్పాలి?"

"నువ్వేం చెబుదామనుకుంటున్నావు?"

"ఒక్క నిమిషం ఎండొచ్చింది, టీచర్ కొలిచారు అని." సంచీ భుజం మీదకి లాక్కుంది. "కానీ నాన్న అడుగుతారు టీచర్. ఆ రోజు బస్సు అద్దం తుడిచే పుల్లలు పాడైపోయాయి. నాన్న కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గుడ్డతో తుడుచుకుంటూ నడిపారు, సాయంత్రం దాకా. ఒక్క నిమిషం కూడా ఆగలేదని ఇంటికొచ్చి చెప్పారు. చొక్కా ఈ చెయ్యి ఒక్కటే తడిసింది."

ఆ మాటలో ఫిర్యాదు లేదు. అదే ఆమెకు గుచ్చుకుంది. ఆ పిల్ల టీచర్ని పట్టుకోవాలని చూడటం లేదు. నాన్న ఎక్కడ అబద్ధాలాడినవాడైపోతాడో అని చూస్తోంది. లేదా టీచరు. ఇద్దరిలో ఎవరో ఒకరిని తన నోటితో ఓడించాలి, అదీ అందరి ముందు. ఎవరూ ఓడకుండా ఎలా చెప్పాలో తెలుసుకోవడానికి, అందరికన్నా ముందొచ్చి ఒక్కతే గోడ ముందు నిలబడింది. తన బరువుకి ఎన్నో రెట్లు.

"నువ్వు చూసినప్పుడు నీడ ఉందా?"

చీమ నేల చూసింది. "నేను సరిగ్గా చూడలేదేమో టీచర్."

ఈ మాట తనే నేర్పింది. ఎర్ర సిరాతో నేర్పింది. టర్ము మొత్తంలో గుండీలూ అడుగులూ ఎక్కాలూ ఎన్ని నేర్పిందో, వాటి మధ్య ఈ ఒక్కటీ ఎవరూ అడక్కుండానే ఎంత బాగా వంటబట్టిందో.

"నువ్వు సరిగ్గానే చూశావు," అంది ఆమె. "నీడ లేదు. ఎండా రాలేదు. నేను కొలవలేదు. ఖాళీగా ఉంటే బాగుండదని, ఇంత ఉంటుందిలే అనుకుని నేనే కత్తిరించి అతికించాను."

చీమ తలెత్తి ఆమెను చూసింది. ఆ పిల్ల కళ్లు ఇంత పెద్దవని ఆమె ఇంతకాలం గమనించలేదు. కోపం వస్తుందేమో, ఏడుస్తుందేమో, కనీసం ఆశ్చర్యపోతుందేమో అని చూసింది. చీమ మొహంలో అవేమీ లేవు. పట్టీని దగ్గరగా, ముక్కు ఆనేంత దగ్గరగా పరీక్షగా చూసి, "బాగా సరిపోయింది టీచర్," అంది, మెచ్చుకోలుగా. కాసేపయ్యాక, ఎంతో మర్యాదగా, "అయితే మరి, గీత పెట్టాలి కదా," అంది.

పెట్టాలి. ఇంకో మూడు గంటల్లో అరవై మంది ఇక్కడికి వస్తారు. పెద్ద మేడం వాళ్లని తీసుకొచ్చి ఈ గోడ ముందే నిలబెడుతుంది. అందరూ ఎనిమిదోదాని దగ్గర ఆగుతారు. లాయరు అయితే కేసు తిరగదోడుతాడు. ఇదేమిటండీ అని ఎవరో అడుగుతారు. అడగనీ. ఊడిన పన్ను చూపించడానికి రోజంతా నోరు తెరుచుకు తిరిగినవాళ్ల దగ్గర మూడున్నర నెలలు గడిపి, ఇంతమాత్రం నేర్చుకోకపోతే ఎలా?

లోపలికి వెళ్లి నల్ల స్కెచ్ పెన్ తెచ్చింది. మూత తీసింది. 

"ఒకటే గీత టీచర్. కింద కనబడాలి," అని చీమ గుర్తు చేసింది.

పట్టీ కొస నుంచి కొస దాకా ఒకే గీత గీసింది. మధ్యలో కాస్త వంకరపోయింది. కింద 147 అలాగే కనిపిస్తూనే ఉంది.

"పక్కన రాయడానికి చోటు లేదే," అంది ఆమె.

"పైన ఉంది. చాలా ఉంది."

నిజమే. మెట్ల పైన గోడ అంతా తెల్లగా ఖాళీగా ఉంది. ఆమె మునివేళ్ల మీద లేచి, పట్టీ కొసకి కాస్త పైగా పెన్ను ఆనించి, డిక్టేషన్‌కి సిద్ధమైన పిల్లలా వెనక్కి తిరిగి చూసింది.

"నువ్వు చెప్పు. నేను రాస్తాను."

చీమ గొంతు సవరించుకుంది. ఈసారి నేల చూడలేదు.

"ఈ రోజు వాన," అంది, వరండా చివరిదాకా వినపడేలా.

ఆమె రాసింది.